భావిమానవుణ్ణి ఊహించిన విజ్ఞాని జె.బి.ఎస్. హాల్డేన్

మానవుడు ఎక్కడి నుండి వచ్చాడన్న ప్రశ్న అతి ప్రాచీనమైనది. చార్లెస్ డార్విన్ 1859లో జాతుల ఉత్పత్తిని గురించీ, 1871లో మానవుని అవతరణను గురించీ తన గ్రంథాలను ప్రకటించిన తరువాత ఆ ప్రశ్నకు విజ్ఞానశాస్త్రం ఒక స్పష్టమైన మార్గం చూపింది. కాని ఆ సమాధానం నుండే మరొక ప్రశ్న పుట్టింది. లక్షల ఏండ్లుగా మారుతూ వచ్చిన ఈ జీవి ఇకమీదట మారకుండా నిలిచిపోతుందా? మార్పు తప్పనిదైతే దానిని ప్రకృతికే విడిచిపెట్టాలా, లేక మానవుడే తన చేతిలోకి తీసుకోవాలా? తీసుకొంటే, ఎవరి చేతిలోకి?

ఇరవయ్యవ శతాబ్దపు విజ్ఞానకల్పనా సాహిత్యం ఈ ప్రశ్న చుట్టూనే ఎంతో తిరిగింది. గాజుపాత్రలలో పెరిగే శిశువులు, ఇతర గ్రహాలకు తగినట్లు మలచబడిన మానవజాతులు, ఒకే వ్యక్తికి ప్రతిరూపాలుగా పుట్టే మనుషులు - ఇటువంటి కల్పనలు కథకుల ఊహలుగానే మనకు పరిచయం. వీటిలో అనేకాన్ని మొట్టమొదట గట్టిగా ఆలోచించి, కాగితంపై పెట్టి, నవలాకారులకు అందించినవాడు కథకుడు కాడు, ఒక శాస్త్రవేత్త. ఆయన పేరు జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో పుట్టిన ఆ మహనీయుడు ఒడిశాలోని భువనేశ్వరంలో కన్నుమూశాడు. ఆయన భౌతికకాయం వైద్యవిద్యార్థుల అధ్యయనం నిమిత్తం కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు చేరింది. ఆయన అస్థిపంజరాన్ని ఆ కళాశాలలోనే భద్రపరచారు. ఆంధ్రదేశానికీ ఒడిశాకూ నడుమ రాకపోకలతో బ్రతికే మనవంటి తెలుగువారికి ఆయన జీవితకథ పరాయిదేశపు కథగా తోచనవసరం లేదు.

బాల్యమూ విద్యాభ్యాసమూ

హాల్డేన్ 1892 నవంబరు 5వ తేదీన జన్మించారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ సుప్రసిద్ధ శరీరధర్మ శాస్త్రవేత్త. గనులలో చేరే విషవాయువులను గురించి, లోతైన నీటిలో మునిగేవారి ప్రాణరక్షణను గురించి ఆయన చేసిన పరిశోధనలు వేలాది శ్రామికుల ప్రాణాలను కాపాడాయి. ఆ తండ్రికి ప్రయోగశాలలోని కుందేళ్ళకంటె తన శరీరమూ తన కుమారుని శరీరమూ ఎక్కువ నమ్మకమైన సాధనాలు. తనమీద పరీక్షించుకోని దానిని ఇతరులమీద పరీక్షించరాదన్నది ఆ ఇంటి నియమం.

ఒకసారి ఆయన బాలుణ్ణి గనిలోనికి తీసుకొనిపోయి, మీథేను వాయువు చేరిన చోట నిలబెట్టి, షేక్‌స్పియర్ నాటకంలోని ఒక ప్రసంగాన్ని వల్లించమన్నారు. కొన్ని పంక్తులు సాగేసరికి బాలునికి ఊపిరాడక కాళ్ళు తేలిపోయి క్రిందపడ్డాడు. నేలమట్టాన గాలి శుభ్రంగా ఉండటంతో మళ్ళీ తేరుకున్నాడు. మీథేను గాలికంటె తేలికైనదనీ, పైకప్పు దగ్గరే చేరుతుందనీ, దానిని పీల్చినవాడు పడిపోవడమే అతనికి రక్ష అనీ ఆ ఒక్క పాఠంతో జీవితాంతం గుర్తుండిపోయింది. పాఠ్యపుస్తకాలు నేర్పలేని విధంగా విజ్ఞానం ఆ బాలుని ఊపిరిలోనికే ప్రవేశించింది.

ఈటన్ పాఠశాలలో పెద్దపిల్లల హింసను ఆయన చాలా అనుభవించారు. అధికారం పట్ల ఆయనకు జీవితాంతం నిలిచిన ఏవగింపునకు బీజాలు అక్కడే పడ్డాయి. ఆక్స్‌ఫర్డులోని న్యూ కాలేజీలో మొదట గణితమూ, తరువాత గ్రీకు లాటిన్ సాహిత్యాలూ తత్త్వశాస్త్రమూ చదివి 1914లో ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణులయ్యారు. ఆశ్చర్యకరమైన విషయమేమంటే, ఇరవయ్యవ శతాబ్దపు మహాజీవశాస్త్రజ్ఞులలో ఒకరైన ఈయనకు విజ్ఞానశాస్త్రంలో పట్టా లేదు. ఇంటిలో తండ్రివద్ద నేర్చిన విద్యయే ఆయనకు మూలధనం. చెల్లెలు నయోమీతో కలిసి ఇంట్లో పెంచిన ఎలుకలే తొలి జన్యుశాస్త్ర ప్రయోగాలకు ఆధారాలు. మిత్రుడు స్ప్రంట్‌నూ, చెల్లెలినీ సహరచయితలుగా చేర్చుకొని 1915లో ప్రకటించిన పత్రం ఆ ఎలుకల గురించినదే. ఆ పత్రం వెలువడేనాటికి స్ప్రంట్ యుద్ధంలో మరణించాడు.

మొదటి ప్రపంచ యుద్ధంలో హాల్డేన్ బ్లాక్ వాచ్ దళంలో అధికారిగా ఫ్రాన్సులోనూ, మెసపొటేమియాలోనూ పోరాడి రెండుసార్లు గాయపడ్డారు. 1917లో మెసపొటేమియాలో తగిలిన గాయానికి చికిత్స పొందడానికి ఆయనను భారతదేశానికి పంపారు. ఈ దేశపు ప్రకృతి, ప్రజలు, ప్రాచీన సంస్కృతి ఆయనను ఆకర్షించాయి. కాని తెల్లదొరగా ఉన్నంతకాలం ఇక్కడివారితో సమానుడిగా మెలగడం సాధ్యం కాదని గ్రహించారు. ఆ సమానత్వం సాధ్యమైననాడే తిరిగి రావాలని తనలో తాను నిశ్చయించుకున్నారు. ఆ నిశ్చయం నెరవేరడానికి నలభై ఏండ్లు పట్టింది.

'డెడలస్' సృష్టించిన సంచలనం

యుద్ధానంతరం కొంతకాలం ఆక్స్‌ఫర్డులో పనిచేసి, 1923లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో జీవరసాయనశాస్త్ర రీడరుగా చేరారు. ఆ సంవత్సరం ఫిబ్రవరిలో అక్కడి హెరెటిక్స్ అనే సంఘంలో ఆయన ఒక ఉపన్యాసం చదివారు. అదే తరువాత 'డెడలస్, లేక విజ్ఞానమూ భవిష్యత్తూ' అనే చిన్న పుస్తకంగా వెలువడింది. డెడలస్ గ్రీకు పురాణాలలోని మహాశిల్పి. మైనపు రెక్కలు కట్టుకొని ఎగిరిన ఇకారస్‌కు తండ్రి.

ఆ పుస్తకంలోని ప్రధానభాగం విజ్ఞానకల్పనయే. నూటయాభై ఏండ్ల తరువాతి కాలంలో ఒక కళాశాల విద్యార్థి గతచరిత్రను గురించి వ్యాసం వ్రాస్తున్నట్లుగా హాల్డేన్ దానిని కల్పించారు. తల్లిగర్భం వెలుపల శిశువును పెంచే పద్ధతికి ఎక్టోజెనిసిస్ అని పేరుపెట్టారు. ఆ ఊహాచరిత్ర ప్రకారం, విమానప్రమాదంలో మరణించిన ఒక స్త్రీ అండాశయాన్ని సజీవంగా నిలిపి, 1951లో తొలి శిశువును ప్రయోగశాలలో పుట్టిస్తారు. 1968 నాటికి ఫ్రాన్సు దేశం ఏటా 60,000 మంది శిశువులను అలా జనింపజేస్తుంది. క్రమంగా తరువాతి తరాలకు తల్లిదండ్రులుగా ఎవరు ఉండాలన్నది కూడా ఎంపిక విషయమైపోతుంది. బొగ్గు తరిగిపోయిన కాలంలో గాలిమరలతో విద్యుత్తును పుట్టించి, దానితో నీటిని విడగొట్టి, ఉదజని వాయువును ఇంధనంగా నిలవచేసుకోవచ్చుననే ఊహ కూడా ఆ పుస్తకంలోనే ఉంది. శతాబ్దం గడచిన తరువాత నేడు ప్రపంచదేశాలు ఆ మార్గంలో నడవడానికి యత్నిస్తున్నాయి.

క్రొత్తగా వచ్చిన ప్రతి భౌతికశాస్త్ర ఆవిష్కరణ దైవద్రోహంగా తోస్తుందనీ, క్రొత్తగా వచ్చిన ప్రతి జీవశాస్త్ర ఆవిష్కరణ వికృతంగా తోస్తుందనీ ఆయన వాదించారు. మొదట అసహ్యంగా కనిపించినది తరువాతి తరానికి ఆచారమై, ఆ పై తరానికి పవిత్రమైపోవడం చరిత్రలో ఉన్నదేనని ఆయన తాత్పర్యం. అయినా విజ్ఞానం మానవునికి ఇచ్చే శక్తికి తగిన నీతి కూడా ఎదగకపోతే వినాశమేనన్న హెచ్చరికను ఆయన మరువలేదు.

ఈ పుస్తకానికి వచ్చిన స్పందన దానికంటె గొప్పది. తత్త్వవేత్త బెర్ట్రండ్ రస్సెల్ 1924లో 'ఇకారస్' అనే పేరుతో ప్రత్యుత్తరం వ్రాశారు. విజ్ఞానం మానవజాతికంతటికీ ఉపయోగపడుతుందన్న నమ్మకం తనకు లేదనీ, అది పాలకవర్గాల చేతికి మరింత బలమివ్వడానికే ఎక్కువ అవకాశముందనీ ఆయన వాదించారు. భౌతికశాస్త్రజ్ఞుడు జె.డి. బెర్నాల్ 1929లో మరికొంత ముందుకు పోయి, దేహాన్ని క్రమంగా యంత్రాలతో భర్తీచేసుకొని మెదడు మాత్రమే మిగిలే మానవుణ్ణి ఊహించారు. హాల్డేన్ కుటుంబానికి సన్నిహితుడైన ఆల్డస్ హక్స్‌లీ 1932లో 'బ్రేవ్ న్యూ వరల్డ్' నవల వ్రాశారు. అందులో శిశువులు సీసాలలో తయారవుతారు, తరగతులుగా విభజింపబడతారు, తమ దాస్యాన్ని తామే ప్రేమించేటట్లు శిక్షణ పొందుతారు. హాల్డేన్ ఆశగా చూచిన దానినే హక్స్‌లీ భయంగా చూపారు. ఒకే విత్తనం నుండి రెండు వృక్షాలు మొలిచినట్లయింది.

నాలుగు కోట్ల ఏండ్ల తరువాత

1927లో వెలువడిన 'పాజిబుల్ వరల్డ్స్' అనే వ్యాససంపుటిలో హాల్డేన్ 'ది లాస్ట్ జడ్జిమెంట్' అనే మరొక విచిత్రమైన రచన చేశారు. సుమారు నాలుగు కోట్ల ఏండ్ల తరువాత శుక్రగ్రహంమీద నివసించే మానవసంతతి తమ పిల్లలకు భూమి చరిత్రను చెబుతున్నట్లుగా అది సాగుతుంది. భూలోకవాసులు సముద్రపు ఆటుపోటుల నుండి శక్తిని అదుపులేకుండా తోడుకొంటారు. దానివలన భూభ్రమణం మందగిస్తుంది. చివరకు చంద్రుడు భూమికి చేరువై బ్రద్దలవుతాడు. వ్యక్తిగత సుఖమే పరమార్థంగా బ్రతికిన అత్యధిక సంఖ్యాకులు ఆ ప్రళయాన్ని ఎదుర్కొనే ప్రయత్నమైనా చేయరు. కొందరు మాత్రం శుక్రగ్రహపు వాతావరణానికి తట్టుకొనేలా వేల ఏండ్లపాటు తమ సంతతిని మలచుకొని అక్కడికి తరలిపోతారు. కాని వారికి వ్యక్తిసుఖం లేదు. సమష్టి ప్రయోజనం మాత్రమే ఉంది.

సుఖపడి నశించడమా, మారిపోయి నిలవడమా? మారిపోయి నిలిచినది మానవుడేనా? ఈ ప్రశ్నను పాఠకుని ముందు పెట్టి హాల్డేన్ తప్పుకున్నారు. ఆంగ్ల రచయిత ఓలాఫ్ స్టాపుల్డన్ 1930లో ప్రకటించిన 'లాస్ట్ అండ్ ఫస్ట్ మెన్' అనే మహాకల్పనలో రెండువందల కోట్ల సంవత్సరాల కాలంలో పద్దెనిమిది మానవజాతులు ఒకదాని తరువాత ఒకటి పుట్టి గిట్టుతాయి. అందులో చంద్రుడు భూమిపై కూలడం, మానవులు శుక్రగ్రహానికి వలసపోవడం హాల్డేన్ వేసిన దారిలోనివే.

ఈ భావాలను గట్టిగా నిరసించినవారిలో క్రైస్తవ రచయిత సి.ఎస్. లూయిస్ ముఖ్యుడు. ఇతర గ్రహాలను ఆక్రమించి అయినా మానవజాతి శాశ్వతంగా బ్రతకాలనే ఆలోచనను దుష్టశక్తిగా చిత్రిస్తూ ఆయన 1938లో 'అవుట్ ఆఫ్ ది సైలెంట్ ప్లానెట్' నవల వ్రాశారు. ప్రకృతిపై మానవుని విజయమనేది చివరకు కొందరు మనుషులు తక్కినవారిపై సాధించే విజయమే అవుతుందని 1943లో వెలువడిన మరొక గ్రంథంలో వాదించారు. హాల్డేన్ 1946లో దీర్ఘమైన విమర్శతో ఆయనకు సమాధానమిచ్చారు. శాస్త్రజ్ఞులను రాక్షసులుగా చూపడం అన్యాయమనీ, లోకంలో బాధకు కారణం జ్ఞానం కాదనీ, ధనలోభమూ అధికారదాహమూననీ ఆయన అభిప్రాయం. ఆ ఇద్దరి వాదమూ నేటికీ తీరలేదు.

లెక్కలలో పరిణామం

ఊహలు చేయడం సులభం. లెక్క కట్టడం కష్టం. హాల్డేన్ గొప్పతనం రెండింటినీ ఒకే చేతితో చేయడంలో ఉంది. 1924 నుండి పదేండ్లపాటు ప్రకటించిన పరిశోధనపత్రాలలో ఆయన ప్రకృతివరణాన్ని గణితసూత్రాలలోనికి దించారు. ఇంగ్లండులో కర్మాగారాల పొగవలన చెట్ల బెరడులు నల్లబారిన ప్రాంతాలలో ఒకజాతి చిమ్మెటలలో నల్లరంగువి విపరీతంగా పెరిగాయి. 1848లో అరుదుగా కనిపించిన నల్లచిమ్మెట శతాబ్దాంతానికి మాంచెస్టరులో దాదాపు అంతటా అదే అయింది. అంత త్వరగా మార్పు రావాలంటే నల్లచిమ్మెటకు తెల్లదానికంటె సుమారు ఒకటిన్నర రెట్లు సంతతి మిగలాలని హాల్డేన్ లెక్కించారు. అందరూ అనుకొన్నదానికంటె ప్రకృతివరణం ఎంతో బలమైనదని దానితో తేలింది. ఆర్.ఎ. ఫిషర్, సూవల్ రైట్‌లతోపాటు ఆధునిక పరిణామవాదానికి గణితపు పునాది వేసిన ముగ్గురిలో ఈయన ఒకరు. 1932లో ఆయన 'ది కాజెస్ ఆఫ్ ఎవల్యూషన్' వెలువడింది. ఆ సంవత్సరమే రాయల్ సొసైటీ సభ్యత్వం లభించింది.

1933లో లండన్ యూనివర్సిటీ కాలేజీకి మారిన తరువాత మానవ జన్యుశాస్త్రంపై దృష్టి సారించారు. రక్తం గడ్డకట్టని హీమోఫీలియా వ్యాధికి కారణమైన జన్యువులో క్రొత్తగా మార్పు వచ్చే రేటును 1935లో తొలిసారిగా అంచనావేశారు. మలేరియా ప్రబలిన దేశాలలో తలసేమియా అనే రక్తవ్యాధి ఎందుకు నశించకుండా నిలిచి ఉందన్న ప్రశ్నకు 1949లో ఒక సమాధానం సూచించారు. తల్లిదండ్రుల నుండి ఆ జన్యువు రెండుప్రక్కలా సంక్రమించినవాడు వ్యాధిగ్రస్తుడవుతాడు. ఒకప్రక్కన మాత్రమే సంక్రమించినవాడు మలేరియాను తట్టుకొంటాడు. కనుక ఒకచోట దోషమైనది మరొకచోట రక్ష. కొడవలికణ వ్యాధి విషయంలో ఇదే సూత్రాన్ని 1954లో మరొక శాస్త్రవేత్త ఆఫ్రికాలో నిరూపించారు. ఒడిశాలోని గిరిజనులలో ఆ వ్యాధి నేటికీ ఉన్నది కనుక ఈ మాట మనకు దూరపు సంగతి కాదు.

ఈ జ్ఞానమే ఆయనను ఒక ముఖ్యమైన నిర్ణయానికి చేర్చింది. ఉత్తమమైన జన్యువు ఇది, అధమమైన జన్యువు ఇది అని పరిస్థితులతో సంబంధం లేకుండా చెప్పజాలము. అమెరికాలో కొన్ని రాష్ట్రాలు, 1933 తరువాత జర్మనీ, బలహీనులని ముద్రవేసి మనుషులకు బలవంతంగా సంతానం లేకుండా చేశాయి. అటువంటి చట్టాలకు శాస్త్రీయమైన ఆధారం లేదని హాల్డేన్ 1938లో 'హెరెడిటీ అండ్ పాలిటిక్స్' గ్రంథంలో ఖండించారు. పదిహేనేండ్ల క్రితం డెడలస్‌లో మానవుల ఎంపికను చమత్కారంగా వర్ణించిన ఆ కలమే, ఆ ఎంపిక నిజంగా రాజ్యం చేతిలో పడినప్పుడు దానికి ఎదురుతిరిగింది.

తన శరీరమే ప్రయోగశాల

1939 జూన్ 1వ తేదీన 'థెటిస్' అనే జలాంతర్గామి లివర్‌పూల్ సమీపంలో మునిగిపోయి 99 మంది మరణించారు. వారి మరణకారణాన్ని శోధించవలసిందిగా కార్మికసంఘాలు హాల్డేన్‌ను కోరాయి. ఆయన తన సహచరులతో కలిసి ఉక్కుగదిలో మూసుకొని, బొగ్గుపులుసు వాయువునూ అధికపీడనాన్నీ భరించి వాటి ప్రభావాలను నమోదుచేశారు. తరువాత యుద్ధకాలమంతా నౌకాదళం కోసం ఆ ప్రయోగాలను కొనసాగించారు. ప్రాణవాయువు అధికపీడనంలో విషమై మూర్ఛలు కలిగించగా ఆయన వెన్నెముక దెబ్బతిన్నది. కర్ణభేరికి రంధ్రం పడింది. మానవదేహపు హద్దులు ఎంతవరకో తెలుసుకోవాలంటే ఆ హద్దుల వద్దకు తానే పోవాలని తండ్రి నేర్పిన నియమాన్ని ఆయన వృద్ధాప్యపు అంచువరకు విడువలేదు. భావిమానవుణ్ణి గురించి ఇంత ధారాళంగా ఊహించిన ఆయనకు మానవదేహపు నొప్పి పుస్తకజ్ఞానం కాదు.

ఆయన జీవితంలో నీడలూ ఉన్నాయి. 1930ల నుండి ఆయన మార్క్స్ సిద్ధాంతానికి చేరువై, 1942లో కమ్యూనిస్టు పార్టీ సభ్యుడయ్యారు. శ్రామికులకోసం 'డైలీ వర్కర్' పత్రికలో ఆయన వ్రాసిన వందలాది విజ్ఞానవ్యాసాలు సామాన్యులకు శాస్త్రాన్ని చేరువచేశాయి. కాని రష్యాలో లైసెంకో అనే వ్యక్తి జన్యుశాస్త్రాన్నే కాదని, రాజ్యాధికారబలంతో శాస్త్రజ్ఞులను అణచివేసినప్పుడు హాల్డేన్ వెంటనే గట్టిగా ఖండించలేకపోయారు. 1928లో తనను రష్యాకు ఆహ్వానించి ఆదరించిన మహాశాస్త్రవేత్త వావిలోవ్ 1943లో చెరసాలలోనే మరణించాడు. 1948లో లోకమంతా సమాధానం కోరినప్పుడు కూడా హాల్డేన్ మాటలలో తడబాటు కనిపించింది. 1950 నాటికి ఆయన ఆ పత్రికకు వ్రాయడం మానుకొని పార్టీకి దూరమయ్యారు. సత్యాన్ని శరీరంతో పరీక్షించిన ధీరుడికి కూడా స్వపక్షాన్ని పరీక్షించడం కష్టమైంది. ఈ విషయాన్ని దాచి ఆయనను పొగడడం ఆయనకే నచ్చని పని.

భారతదేశమే స్వదేశం

1956లో సూయజ్ కాలువ విషయంలో బ్రిటన్ ఈజిప్టుపై దాడిచేసింది. దానికి నిరసనగా స్వదేశాన్ని విడిచిపోతున్నట్లు ప్రకటించి, హాల్డేన్ 1957లో భార్య హెలెన్ స్పర్వేతో కలకత్తా చేరారు. పి.సి. మహలనోబిస్ ఆహ్వానంపై భారతీయ గణాంకశాస్త్ర సంస్థలో ఆచార్యులయ్యారు. ఖద్దరు ధరించి, శాకాహారం స్వీకరించి, 1961లో భారతపౌరసత్వం పొందారు. మనిషికీ తక్కిన జీవులకూ నడుమ గోడ కట్టని హిందూభావన డార్విన్ దృష్టికి దగ్గరైనదని ఆయన తలచారు. మత్స్య, కూర్మ, వరాహ, నారసింహాది అవతారక్రమంలో సకశేరుక జీవుల పరిణామానికి స్థూలమైన పోలిక ఉందని కూడా గమనించారు. దానిని ఆయన ఒక అందమైన పోలికగానే చూశారు, రుజువుగా కాదు.

ఖరీదైన పరికరాలు లేకపోతే విజ్ఞానం లేదనే అపోహను తొలగించడమే ఆయన భారతీయ శిష్యులకు చేసిన మహోపకారం. ఒక శిష్యుడు పారిజాతపు పువ్వుల రేకులను లెక్కించాడు. మరొకరు కొబ్బరిచెట్ల మట్టలు కుడివైపుకు తిరుగుతున్నాయా ఎడమవైపుకు తిరుగుతున్నాయా అని పరిశీలించాడు. అప్పటి తూర్పుగోదావరి జిల్లాలోని పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణారావు గారు సీతాకోకచిలుకలు ఏ రంగు పూలను ఆశ్రయిస్తాయో గమనించారు. చెవులపై వెంట్రుకలు తండ్రి నుండి కొడుకుకు సంక్రమించే తీరును శోధించారు. మేనరికాలు, మేనమామ వివాహాలు ఆంధ్రదేశంలో ఎంతమేరకు ఉన్నాయో, వాటి ఫలితాలేమిటో గణించారు. కంటికి కనిపించేది, ఇంటింటా జరిగేది శాస్త్రమవుతుందని ఆ పరిశోధనలు చాటాయి. తరువాత అమెరికాలో స్థిరపడిన కృష్ణారావు గారే గురువు జీవితాన్నీ, డెడలస్ ప్రభావాన్నీ గురించి గ్రంథాలు వెలువరించి ఆయన కీర్తిని నిలిపారు. హాల్డేన్ తనతో వెంటతెచ్చిన 'జర్నల్ ఆఫ్ జెనెటిక్స్' పత్రిక భారతదేశంలోనే నిలిచి, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన అకాడమీ చేతికి వచ్చింది.

సంస్థ నిర్వాహకులతో అభిప్రాయభేదాలు వచ్చి 1961లో ఆయన రాజీనామా చేశారు. మరుసటి సంవత్సరం ఒడిశా ముఖ్యమంత్రి బిజూ పట్నాయక్ ప్రోత్సాహంతో భువనేశ్వరంలో జన్యుశాస్త్ర ప్రయోగశాలను స్థాపించారు.

చివరి ఊహ, చివరి దానం

1962లో లండన్‌లో మానవుని భవిష్యత్తును గురించి ఒక శాస్త్రజ్ఞుల సభ జరిగింది. రానున్న పదివేల ఏండ్లలో మానవజాతికి జీవశాస్త్రం తెరువగల మార్గాలను గురించి హాల్డేన్ అక్కడ సమర్పించిన పత్రం 1963లో ప్రచురితమైంది. వృక్షశాస్త్రజ్ఞులు వాడుకొనే క్లోన్ అనే మాటను ఆయన అందులో మానవులకు అన్వయించారు. జీవితంలో ప్రతిభ నిరూపించుకొన్నవారి కణాల నుండి వారి ప్రతిరూపాలను పుట్టించవచ్చునన్నారు. బరువులేని అంతరిక్షనౌకలో కాళ్ళకంటె పట్టుకొనే పాదాలూ తోకా ఎక్కువ ఉపయోగమనీ, కోతిజాతుల జన్యువులు అందుకు పనికిరావచ్చుననీ ఊహించారు. ఆ సభలో పాల్గొన్న జూలియన్ హక్స్‌లీయే, మానవుడు తన జాతిస్వభావాన్ని తానే అధిగమించాలన్న భావానికి ట్రాన్స్‌హ్యూమనిజం అనే పేరుతో 1957లో వ్యాసం ప్రకటించినవాడు. ఆల్డస్ హక్స్‌లీకి ఆయన అన్నగారు. ఒకే కుటుంబంలో ఒకరు ఆశకు పేరుపెట్టగా మరొకరు భయానికి రూపమిచ్చారు.

1963 చివరలో హాల్డేన్‌కు క్యాన్సరు సోకినట్లు బయటపడింది. లండన్‌లో శస్త్రచికిత్స చేయించుకొంటూనే, ఆ వ్యాధిని గురించి హాస్యకవిత వ్రాసి 1964లో పత్రికలో ప్రకటించారు. నవ్వించడం మాత్రమే దాని ఉద్దేశం కాదు. సిగ్గుపడి ఆలస్యం చేయక వైద్యుని దగ్గరకు పొమ్మని జనానికి చెప్పడం ఆయన కోరిక. తన మరణవార్తను తానే ముందుగా బి.బి.సి.కోసం రికార్డు చేసిపెట్టారు. 1964 డిసెంబరు 1వ తేదీన భువనేశ్వరంలో పరమపదించారు. బ్రతికినంతకాలం ప్రయోగాలకు ఉపయోగపడిన దేహం మరణానంతరం కూడా విద్యార్థులకు ఉపయోగపడాలన్నది ఆయన కోరిక. ఆ ప్రకారమే అది కాకినాడ చేరింది. 1958లో నెలకొన్న ఆ కళాశాల అప్పటికింకా బాల్యదశలో ఉంది. ఆయన భార్య హెలెన్ స్పర్వే తరువాత హైదరాబాదులో నివసించి 1978లో మరణించారు.

ఆ సంవత్సరం జూలై 25వ తేదీననే ఇంగ్లండులో తొలి పరీక్షనాళికా శిశువు జన్మించింది. అక్టోబరు 3వ తేదీన కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖర్జీ కృషివలన భారతదేశపు తొలి శిశువు పుట్టింది. 1996లో డాలీ అనే గొఱ్ఱె క్లోన్‌గా పుట్టింది. 2017లో నెలలు నిండని గొఱ్ఱెపిల్లలను ద్రవంతో నిండిన సంచిలో నాలుగు వారాలవరకు పెంచినట్లు అమెరికన్ వైద్యులు ప్రకటించారు. 2018లో చైనాలో ఒక శాస్త్రజ్ఞుడు జన్యువులను మార్చి కవలలను పుట్టించగా లోకమంతా నిరసించింది, అతడు జైలుపాలయ్యాడు. 2023లో కొడవలికణ వ్యాధికీ తలసేమియాకూ జన్యువును సవరించే చికిత్సకు బ్రిటన్ అనుమతి లభించింది. హాల్డేన్ తేదీలు తప్పాయి, దిక్కు తప్పలేదు. గర్భం వెలుపల పూర్తిగా పెరిగిన మానవశిశువు మాత్రం ఇంకా కల్పనలోనే ఉంది.

ఈ విద్యాలయంలో చదివిన, చదువుతున్న పిల్లలలో కొందరు రేపు ఈ శక్తులను చేతపట్టేవారే కావచ్చు. వ్యాధిని తొలగించడమెక్కడ ముగుస్తుంది, మనిషిని ఎంపికచేయడమెక్కడ మొదలవుతుంది అన్న గీతను గీయవలసిన బాధ్యత వారిమీదనే పడుతుంది. ఆ సమయంలో హాల్డేన్ జీవితం నుండి వారు గ్రహించదగినవి మూడున్నాయి. ఊహకు హద్దు పెట్టుకోరాదు. ఊహను లెక్కతో పరీక్షించక విడువరాదు. ప్రయోగపు నొప్పిని ముందు తాను భరించకుండా ఇతరులమీద మోపరాదు. ఈ మూడవది ఆయన తన దేహంతోనే వ్రాసిన పాఠం. దానిని కాకినాడలో ఇప్పటికీ చూడవచ్చు.